ఫోర్క్‌లిఫ్ట్ స్టార్ట్ అవ్వట్లేదా? సెల్ఫ్ మోటార్ విప్పే ముందు ఇవి చూస్కోండి

పొద్దున ఏడున్నరకి ఫోన్ మోగిందంటే విషయం నాకు అర్థమైపోద్ది. ఎక్కడో గోడౌన్ ముందు లారీ వచ్చి నిలబడుంటది, హమాలీలు నీడ చూస్కోని కూర్చోనుంటారు, ఫోర్క్‌లిఫ్ట్ మాత్రం కదలదు. "అన్నా, సెల్ఫ్ పోయినట్టుంది, వచ్చేటప్పుడు కొత్తది పట్టుకొచ్చేయ్" అంటారు. సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజన్ని తిప్పే స్టార్టర్ మోటార్. నేను అడిగేది ఒకటే, తాళం తిప్పితే ఏం జరుగుతోంది అని. "స్టార్ట్ అవ్వట్లేదన్నా" అనే మళ్లీ చెప్తారు గానీ చప్పుడు వస్తోందా, లైట్లు తగ్గుతున్నాయా, సైలెన్సర్లో పొగ వస్తోందా అంటే ఎవరూ చూసి ఉండరు.

ఒంగోలు, టంగుటూరు పక్క పొగాకు గోడౌన్లు, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలు, అటు కృష్ణపట్నం పోర్టు దాకా ఈ ప్రశ్నే అడుగుతున్నారు కాబట్టి మొత్తం వరసగా రాసేస్తున్నా. ఇది డీజిల్ బండ్ల గురించి, అంటే మన దగ్గర ఎక్కువగా తిరిగే రెండు టన్నులు, మూడు టన్నులవి. కోల్డ్ స్టోరేజీల్లో తిరిగే బ్యాటరీ బండ్లకి ఇంజనే ఉండదు, వాటి కథ వేరు. ఎల్పీజీ బండ్లున్న వాళ్లకి 5వ మెట్టు దాకా ఇదే పనికొస్తది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

పెద్ద సామాను ఏం అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, మామూలుది చాలు. పన్నెండు వోల్టుల బల్బుకి (24 వోల్టుల బండైతే 24 బల్బుకి) రెండు వైర్లు కట్టిన టెస్ట్ ల్యాంప్. పానాల సెట్టు, ఒక ఎమరీ పేపర్ ముక్క, వంటసోడా, వేణ్ణీళ్లు, గుడ్డలు, ఖాళీ వాటర్ బాటిల్ ఒకటి, కళ్లద్దాలు. ఇంకా తాళం తిప్పడానికి ఒక మనిషి, మీరు చెప్పినప్పుడే తిప్పి చెప్పగానే వదిలే మనిషి అయ్యుండాలి. ఇది చిన్న విషయం అనుకోవద్దు, చెయ్యి ఫ్యాన్ బెల్టు దగ్గర ఉన్నప్పుడు పైనున్నోడు "ఇప్పుడు చూడనా" అని తిప్పేసిన సందర్భాలు ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు

ఫోర్కులు పూర్తిగా నేలకి దించండి. ఇంజన్ స్టార్ట్ కాకపోయినా చాలా బండ్లలో లివర్ తోస్తే లోడు బరువుకే కిందకి దిగుద్ది, దిగకపోతే పైకున్న ఫోర్కుల కింద మాత్రం తల పెట్టొద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకి చెక్క ముక్కలు అడ్డం పెట్టండి. మెడలో గొలుసు, చేతికి కడియం, ఉంగరం తీసి జేబులో పెట్టుకోండి. కడియం బ్యాటరీ ప్లస్‌కీ బాడీకీ ఒకేసారి తగిలిందంటే క్షణంలో ఎర్రగా కాలుద్ది, తీసే టైం కూడా ఉండదు. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్ వద్దు, ఛార్జింగ్ అయ్యేటప్పుడు అందులోంచి హైడ్రోజన్ వస్తది, నిప్పురవ్వ చాలు పగలడానికి.

వరద నీళ్లలో నిలబడ్డ బండి అయితే తాళం అసలు తిప్పొద్దు, నేరుగా చివర్లో ఉన్న "నీళ్లలో మునిగిన బండి" దగ్గరికి వెళ్లిపోండి.

1. తాళం తిప్పి వినండి

ముందు గేర్ లివర్ న్యూట్రల్లో పెట్టి, సీట్లో సరిగ్గా కూర్చుని, హెడ్‌లైట్ వేసి తాళం తిప్పండి. లైట్ వైపు చూస్తూ చెవి ఇంజన్ వైపు పెట్టండి. ఈ అయిదింటిలో ఒకటి జరుగుద్ది:

చప్పుడే రాదు, లైట్ కూడా వెలగదు లేదా తాళం తిప్పగానే పూర్తిగా ఆరిపోద్ది. ఇది బ్యాటరీ, టెర్మినళ్లు, మెయిన్ ఫ్యూజు. 2, 3 మెట్లు చూడండి.

చప్పుడే రాదు కానీ లైట్ దివ్యంగా వెలుగుతానే ఉంటది. బ్యాటరీ తప్పు కాదు, తాళం నుంచి సెల్ఫ్‌కి కబురు అందట్లేదు. 4వ మెట్టు.

టకటకటకమని వరసగా కొట్టుకుంటది, లైట్ మినుకుమినుకుమంటది. బ్యాటరీ డౌన్ అయినా అయ్యుంటది, టెర్మినల్ లూజైనా అయ్యుంటది, 2, 3 చూడండి. ఒక్కసారే టక్‌మని ఆగిపోతే 2, 3 అయ్యాక 5.

మూలుగుతా నిదానంగా తిరుగుద్ది. మళ్లీ 2, 3, 5.

సెల్ఫ్ హుషారుగా తిరుగుద్ది, ఇంజన్ అంటుకోదు. ఇక బ్యాటరీని, సెల్ఫ్‌ని వదిలేయండి, అది డీజిల్ గొడవ, 6వ మెట్టు.

ఇక్కడే అందరూ తొందరపడేది. బండి అంటుకోలేదని ముప్పై సెకన్లు, నిమిషం అదే పనిగా సెల్ఫ్ కొడతా ఉంటారు. ఒక్కసారికి 10 సెకన్లు మించొద్దు, మధ్యలో కనీసం ఒక నిమిషం ఆగండి. అసలు జబ్బు డీజిల్‌ది అయ్యుంటది, మీరు కొట్టి కొట్టి మంచి సెల్ఫ్ మోటార్ని కాల్చి, మంచి బ్యాటరీని డౌన్ చేసి, ఒక జబ్బుని మూడు చేస్కుంటారు.

కొత్త మోడల్ బండ్లలో డిస్‌ప్లే మీద కోడ్ ఏదైనా పడితే ముందు దాన్ని ఫోటో తీసుకోండి, బ్యాటరీ విప్పితే కొన్నిట్లో అది పోద్ది.

2. బ్యాటరీ, మీటర్ పెట్టి చూడండి

ముందు మీ బండి 12 వోల్టులో 24 వోల్టులో ప్లేట్ మీద చూస్కోండి. రెండు బ్యాటరీలుంటే 24 అనుకోవద్దు, కొన్నిట్లో రెండూ పక్కపక్కన 12కే కలిపుంటయి.

బండి రెండు మూడు గంటలు ఆగున్నాక మీటర్ ముల్లులు బ్యాటరీ సీసం పోస్టుల మీదే పెట్టండి, వాటికి వైరు బిగించే క్లాంపు మీద కాదు. 12.6 దాకా ఉంటే ఫుల్ ఛార్జి. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12 కన్నా కిందుంటే డౌన్ అయినట్టే, ఛార్జి పెట్టకుండా ముందుకి పోవద్దు. 24 బండైతే ఒక్కో బ్యాటరీని విడివిడిగా చూడండి, ఒకటి 12.6, ఇంకోటి 11.8 ఉందంటే దొంగ దొరికినట్టే.

ఇది సగం పరీక్షే. 12.6 చూపించి కూడా చేతులెత్తేసే బ్యాటరీలు బోలెడు. అసలు పరీక్ష ఏందంటే సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంతకి పడుతోందో చూడటం. డీజిల్ పంపు మీదుండే స్టాప్ సోలినాయిడ్ (కరెంట్ ఆగగానే డీజిల్ ఆపేసే వాల్వు) వైర్ పీకేస్తే చాలా బండ్లలో డీజిల్ ఆగిపోయి ఇంజన్ అంటుకోకుండా ఊరికే తిరుగుద్ది, అలా పెట్టుకుని మనిషిని 5 సెకన్లు సెల్ఫ్ కొట్టమనండి. 12 వోల్టుల దాంట్లో 9.6 కంటే కిందకి పడకూడదు. 24లో 19.2. ఏడుకీ ఆరుకీ పడిపోయిందంటే బ్యాటరీ పని అయిపోయినట్టు, లేదా లోపల ఇంజనో సెల్ఫో బిగుసుకుపోయి కరెంట్ లాగేస్తోంది. ఫుల్ ఛార్జి చేసిన వేరే బ్యాటరీ పెట్టి చూస్తే ఏదో తేలిపోద్ది.

మన పక్క ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఎండలు మేలో, బ్యాటరీ చచ్చేదీ అప్పుడే. వేడికి లోపల నీళ్లు ఇగిరి ప్లేట్లు తేలతయి, ఎవరూ మూత తీసి చూడరు. ఎండాకాలం ఇంజన్ తేలిగ్గా తిరుగుద్ది కాబట్టి ఎట్టాగో నెట్టుకొస్తది, డిసెంబర్లో ఆయిల్ కాస్త చిక్కబడగానే ఒకరోజు పొద్దున్నే బయటపడుద్ది. నెలకోసారి మూతలు తీసి ప్లేట్ల పైదాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్లు వద్దు, ఆసిడ్ అసలు పోయొద్దు.

జంపర్ వైర్లు పెట్టేటప్పుడు ఒక పెద్ద హెచ్చరిక. లోడింగ్ లారీ ఎదురుగా ఉంది గదా అని దాన్నించి వైర్లు లాగుతారు. పెద్ద లారీలు ఎక్కువగా 24 వోల్టులు. మీ ఫోర్క్‌లిఫ్ట్ 12 అయితే మీటర్ బోర్డు, రిలేలు (కరెంట్‌తో కలిసే చిన్న స్విచ్చి డబ్బాలు), ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జి చేసేది) ఏది కాలుద్దో చెప్పలేం, బ్యాటరీ పగిలినా పగలొచ్చు. ఒక రొయ్యల మేత గోడౌన్లో ఇట్టాగే చేశారు, బండి స్టార్ట్ అయితే అయింది గానీ ఆల్టర్నేటర్, వైరింగ్ కలిపి వారం రోజులు బండి మూలన పడింది. 12కి 12 బండే తెచ్చుకోండి. ముందు ప్లస్‌కి ప్లస్, తర్వాత మంచి బ్యాటరీ మైనస్, ఆఖరి కొస మాత్రం డౌన్ అయిన బ్యాటరీ మీద కాకుండా దానికి దూరంగా ఇంజన్ బ్లాక్ మీద పెట్టండి. తీసేటప్పుడు దీనికి రివర్స్.

3. టెర్మినళ్లు, ఎర్త్ వైర్

నేను వెళ్లిన బండ్లలో ఎక్కువసార్లు జబ్బు ఇక్కడే దొరికింది, అందుకే ఇక్కడ కాస్త ఓపిగ్గా చూడమంటున్నా.

కృష్ణపట్నం వైపు ఉప్పుగాలికి రాగి వైర్లకి పచ్చగా చిలుము పడుద్ది, పైన రబ్బరు బాగానే కనపడుద్ది, లోపల వైరు పొడి అయిపోయుంటది. క్లాంపుని చేత్తో తిప్పండి, చేతికి తిరిగితే అది లూజే, "నిన్నటిదాకా బాగానే ఉంది గదా" అనొద్దు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. వేణ్ణీళ్లలో వంటసోడా కలిపి పోస్తే తెల్లటి పూత అంతా నురగలొచ్చి పోద్ది, బ్యాటరీ మూతలు మాత్రం గట్టిగా పెట్టుంచండి, సోడా లోపలికి పోకూడదు. ఆరాక ఎమరీ పేపర్‌తో పోస్టూ క్లాంపు లోపలా మెరిసేదాకా రుద్ది, బిగించి, ఆ తర్వాత పైన వ్యాజిలిన్ రాయండి. గ్రీజు ముందే పూసి బిగించే వాళ్లున్నారు, అట్టా వద్దు, లోహానికి లోహం తగలాలి.

ఎర్త్ వైర్, అంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్‌కీ బాడీకీ పోయే వైర్, ఎట్టా పరీక్షించాలంటే, మీటర్ ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద రంగు లేని చోట పెట్టి సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టులు దాటకూడదు. ఒకటో రెండో వోల్టులు చూపించిందంటే ఎర్త్ వైర్ పాడయినట్టు. అట్టాగే బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ మోటార్ మీద లావు వైర్ బిగించిన బోల్ట్ దాకా పెట్టి కొట్టండి, అర వోల్టు దాటకూడదు. తిరగకుండా ఊరికే ఉన్నప్పుడు ఈ పరీక్ష చేస్తే ఏం తెలియదు, కరెంట్ పారేటప్పుడే జబ్బు కనపడుద్ది.

మీటర్ లేకపోతే ఇంకో దారి. 5 సెకన్లు సెల్ఫ్ కొట్టించి తాళం తీసేశాక ప్రతి జాయింటునీ వేలితో మెల్లగా తాకి చూడండి. మిగతావి చల్లగా ఉండి ఒకటి వెచ్చగా ఉందంటే జబ్బు ఆ జాయింటులోనే ఉంది.

చీమకుర్తి రోడ్డులో ఒక ఫ్యాక్టరీలో దసరా వెళ్లాక బండి మూలుగుతోందని రెండు సెల్ఫ్ మోటార్లు మార్చారు, ఒక బ్యాటరీ కూడా కొన్నారు. నేను వెళ్లి చూస్తే ఆయుధ పూజకి బండికి పసుపు రంగు కొత్తగా కొట్టించారు, విప్పిన ఎర్త్ వైర్ లగ్గుని రంగు మీదే బిగించారు. రంగు గీకి బిగిస్తే పది నిమిషాల పని. దసరా అయిన వారంలో వచ్చే ఫోన్లు చాలావరకు రంగో, ప్రెషర్ వాటర్ కొట్టి కడగడమో, ఈ రెండే. కడిగేటప్పుడు సెల్ఫ్, ఆల్టర్నేటర్, ఫ్యూజు బాక్స్ మీద పాలిథిన్ కవర్ కట్టండి.

4. లైట్ వెలుగుతోంది, సెల్ఫ్ నోరెత్తదు

ఫోర్క్‌లిఫ్ట్ న్యూట్రల్లో లేకపోతే స్టార్ట్ కాకుండా స్విచ్చి ఉంటది. లివర్ న్యూట్రల్లో ఉన్నట్టే కనపడుద్ది కానీ స్విచ్చి కలవదు. లివర్ని ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు ఆడించి, న్యూట్రల్లో పెట్టి, కొంచెం అటూఇటూ కదుపుతా తాళం తిప్పండి. ఏదో ఒక చోట సెల్ఫ్ అందుకుందంటే స్విచ్చి అడ్జస్ట్‌మెంటో, స్విచ్చో. కొన్ని మోడళ్లలో సీటు కింద స్విచ్చి, హ్యాండ్ బ్రేక్ స్విచ్చి కూడా స్టార్టింగ్‌కి అడ్డుపడతయి, సీటు చినిగి గోనెసంచి మడిచి వేసుకున్న బండ్లలో సీటు స్విచ్చి ముందు చూడండి.

తర్వాత ఫ్యూజులు. కంటితో చూసి బాగుందనుకోవద్దు, టెస్ట్ ల్యాంప్ ఒక వైర్ బాడీకి పెట్టి ఫ్యూజు రెండు పక్కలా తాకించండి, రెండు పక్కలా వెలగాలి. ఒక పక్కే వెలిగితే పోయినట్టే. పోయిన ఫ్యూజు బదులు అదే నంబర్‌ది వేయండి, రాగి తీగ చుట్టొద్దు, ఫ్యూజు ఊరికే పోదు, మళ్లీ పోతే ఎక్కడో వైరు బాడీకి తగులుతోంది.

తర్వాత సెల్ఫ్ మోటార్ దగ్గర సన్నటి వైర్ ఒకటి ఉంటది, చాలావాటి మీద 50 అని రాసుంటది. టెస్ట్ ల్యాంప్ దాని మీద పెట్టి తాళం తిప్పమనండి. వెలిగిందంటే కబురు అందుతోంది, తప్పు సెల్ఫ్‌ది, 5కి పోండి. వెలగలేదంటే వెనక్కి పోతా రిలే, న్యూట్రల్ స్విచ్చి, తాళం స్విచ్చి ఒక్కోటీ అదే ల్యాంప్‌తో చూస్కుంటా వెళ్లండి. పక్కన అదే నంబరు రిలే ఉంటే, హారన్‌దో లైట్‌దో, మార్చి పెట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు.

పొగాకు గోడౌన్లు, బియ్యం మిల్లుల్లో ఉండే వాళ్లు ఎలుకల్ని మర్చిపోవద్దు. బేళ్ల పక్కన రెండు రోజులు ఆపిన బండిలో ఇంజన్ మీద గూడు పెట్టుకుంటయి. ఫ్లోర్ ప్లేట్ ఎత్తి టార్చి వేసి వైర్ల కట్ట వెంట చూడండి, కొరికిన ముక్కలు, రెట్టలు కనపడితే సగం పని అయిపోయినట్టే. కొరికిన చోట మెలేసి టేపు చుట్టి వదిలేయకుండా సోల్డర్ చేసి స్లీవ్ వేయండి.

ఇక్కడ దయచేసి ఒకటి చేయొద్దు. స్క్రూడ్రైవర్ పెట్టి సెల్ఫ్ రెండు బోల్టులు కలిపి డైరెక్ట్‌గా స్టార్ట్ చేయడం. అట్టా చేస్తే న్యూట్రల్ స్విచ్చికి పని ఉండదు, బండి గేర్లో ఉందనుకోండి, మీరు చక్రం పక్కనే కింద వంగుని ఉంటారు, నాలుగైదు టన్నుల ఇనుము మీ మీదకే వస్తది. న్యూట్రల్ స్విచ్చి పాడైందని రెండు వైర్లు కలిపి నడపడం కూడా అంతే. ఈరోజు మీకు తెలుసు, రేపు ఎక్కే డ్రైవర్‌కి తెలియదు గదా.

5. టక్‌మని ఆగిపోవడం, మూలగడం

బ్యాటరీ మంచిదే, వైర్లు మంచివే, 50 దగ్గర ల్యాంప్ వెలుగుతోంది, అయినా టక్‌మనేసి ఊరుకుంటోంది. ముందు ఇంజన్ బిగుసుకుపోలేదని తేల్చుకోండి. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ విప్పి, క్రాంక్ పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి ఇంజన్ తిరిగే దిక్కులోనే తిప్పండి. కష్టంగానైనా తిరిగితే ఇంజన్ బాగానే ఉన్నట్టు. అస్సలు కదలకపోతే బలం చూపించొద్దు, ఆపేసి మెకానిక్‌ని పిలవండి.

ఇంజన్ తిరుగుతోందంటే సెల్ఫ్ లోపల సోలినాయిడ్ కాంటాక్టులు గానీ కార్బన్ బ్రష్షులు గానీ అరిగుంటయి. సుత్తి పిడితో బాడీ మీద మెల్లగా నాలుగు తట్టించి సెల్ఫ్ కొడితే తిరిగిందా, బ్రష్షులే అని నూటికి ఎనభై చెప్పొచ్చు. అది పరీక్ష మాత్రమే, రోజూ తట్టి నడుపుకోవడానికి కాదు. ఇనుప సుత్తితో గట్టిగా కొడితే లోపల మ్యాగ్నెట్లు పగిలేవి కూడా ఉన్నాయి. ఒంగోల్లో, నెల్లూర్లో ఆటో ఎలక్ట్రికల్ వాళ్లు బ్రష్షులు, కాంటాక్టులు, బుష్షులు వేసిస్తారు, చాలావాటికి కొత్త మోటార్ అవసరం లేదు. పాతవి విప్పింది మీ ముందే చూపించమనండి.

ఇంకోటి, ఫోర్క్‌లిఫ్ట్‌ని తోసి, తాడు కట్టి లాగి స్టార్ట్ చేద్దామనుకోవద్దు. టార్క్ కన్వర్టర్ బండ్లు (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలం చక్రాలకి అందేవి) అట్టా స్టార్ట్ కావు, పైగా ఇంజన్ ఆగుంటే స్టీరింగ్ రాయిలా ఉంటది, ర్యాంపు మీద అయితే ఆపలేరు.

6. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ అంటుకోదు

సైలెన్సర్ వైపు చూడండి, పొగే చెప్పుద్ది.

పొగే లేదంటే డీజిల్ లోపలికి పోవట్లేదు. ట్యాంకులో ఉందా అని కర్ర పెట్టి చూడండి, మీటర్ ముల్లుని నమ్మొద్దు. తర్వాత స్టాప్ సోలినాయిడ్, ఇందాక వైర్ పీకారు గదా, అది మళ్లీ పెట్టారా? నవ్వొద్దు, దీనికే గంట పోతది. తాళం ఆన్‌లో పెట్టగానే పంపు దగ్గర టక్‌మని చిన్న చప్పుడు రావాలి. రాకపోతే టెస్ట్ ల్యాంప్ పెట్టండి, కరెంట్ వస్తా కూడా చప్పుడు లేకపోతే సోలినాయిడ్ పోయింది, కరెంటే రాకపోతే ఫ్యూజు, వైరు.

తెల్ల పొగ వస్తోందంటే డీజిల్ పోతోంది కానీ మండట్లేదు. హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు సిలిండర్ లోపల వేడి చేసేవి), డీజిల్లో నీళ్లు, లేదా కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) తక్కువ. నల్ల పొగ అయితే గాలి చాలట్లేదు. గ్రానైట్ ఫ్యాక్టరీల్లో ఎయిర్ ఫిల్టర్ విప్పితే పిండి పోసినట్టు ఉంటది, ఫిల్టర్ తీసి ఒక్కసారి స్టార్ట్ చేసి చూడండి, అంటుకుంటే వెంటనే ఆపి మంచి ఫిల్టర్ వేయండి. ఆ దుమ్ములో ఫిల్టర్ లేకుండా పది నిమిషాలు కూడా నడపొద్దు, పిస్టన్ రింగులు అరిగిపోతే దాని ఖర్చు ముందు ఫిల్టర్ ఖర్చు ఎంత. గట్టి ప్రెషర్ గాలి దగ్గర పెట్టి కొట్టి శుభ్రం చేయడం కూడా తప్పే, కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతయి.

డీజిల్లో నీళ్లు చూడటం సులువు. ఫిల్టర్ కింద ఉండే డ్రెయిన్ స్క్రూ తిప్పి వాటర్ బాటిల్లో సగం పట్టి పావుగంట కదపకుండా పెట్టండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు విడిగా కనపడతయి. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, డీజిల్ డ్రమ్ము బయట నిలబెట్టి ఉంచితే మూత చుట్టూ నీళ్లు నిలిచి బిరడా సందుల్లోంచి లోపలికి పీల్చుకుంటది. డ్రమ్ముని రేకు కిందైనా పెట్టండి, లేకపోతే పడుకోబెట్టండి. నీళ్లు కనపడితే శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి, ట్యాంక్ అడుగు కూడా తీసేయాలి, ఫిల్టర్ ఒక్కటే మారిస్తే రెండు రోజులకి మళ్లీ అదే.

7. ఎయిర్ తీయడం

డీజిల్ అయిపోయేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా లైన్లో గాలి చేరుద్ది. పాత మెకానికల్ పంపు బండ్లకి పద్ధతి ఇది. కామన్ రైల్ ఇంజన్ (కంప్యూటర్‌తో డీజిల్ కొట్టే కొత్త రకం) అయితే హై ప్రెషర్ పైపుల జోలికి అస్సలు పోవద్దు, ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుద్ది, చిన్న చుక్కలా కనపడే దెబ్బకి చెయ్యే తీసేయాల్సి రావొచ్చు. అట్టా తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికే పోండి.

ట్యాంకు సగమైనా నింపండి. ఫిల్టర్ పైన ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చేసి హ్యాండ్ పంపు కొడతా ఉండండి, ముందు నురగ, బుడగలు, తర్వాత బుడగల్లేని డీజిల్ వస్తది. అప్పుడు కొడతానే స్క్రూ బిగించండి, కొట్టడం ఆపి బిగిస్తే మళ్లీ గాలి లాక్కుంటది. తర్వాత మెయిన్ పంపు మీద ఎయిర్ స్క్రూ దగ్గర ఇదే పని. ఆ తర్వాత రెండు నాజిళ్ల (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) దగ్గర పైపు నట్లు ఒక చుట్టు వదులు చేసి, గుడ్డ కప్పి, మొహం పక్కకి పెట్టుకుని 10 సెకన్లు సెల్ఫ్ కొట్టించండి. డీజిల్ చిమ్మడం మొదలవ్వగానే బిగించి స్టార్ట్ చేయండి, కాసేపు ఎగిరెగిరి తిరిగి సర్దుకుంటది.

హ్యాండ్ పంపు ఎంత కొట్టినా గట్టిపడట్లేదంటే ఎక్కడో గాలి పీలుస్తోంది. ఇక్కడ ఒక మోసం ఉంది, ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపులో చిల్లు ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోద్ది. అందుకే తడి కనపడలేదని పైపు బాగుందనుకోవద్దు. ఆ పైపు తీసి రెండడుగుల తెల్ల ప్లాస్టిక్ ట్యూబు తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు కంటికి కనపడతయి. కాపర్ వాషర్లు, ఫిల్టర్ రబ్బర్ రింగు, ఎండిపోయిన హోస్, క్లిప్పులు, వరసగా ఇవే చూడండి.

స్టార్ట్ అయ్యి రెండు మూడు నిమిషాలకి ఆగిపోతుంటే ట్యాంకు మూత వదులు చేసి నడపండి. మూత తీసేటప్పుడు సుయ్‌మని గాలి లాక్కుందంటే మూతలో గాలి రంధ్రం దుమ్ముతో పూడిపోయినట్టు.

8. హీటర్ ప్లగ్గులు

"మనకి చలెక్కడిది" అని వైర్లు పీకేసి వదిలేసిన బండ్లు చాలా చూశా. మేలో నిజంగానే తెలియదు. డిసెంబర్, జనవరి పొద్దున్నే తెల్ల పొగ వదులుతా సతాయించేది ఆ బండ్లే. ప్లగ్గులన్నిటినీ కలిపే పట్టీ విప్పండి, టెస్ట్ ల్యాంప్ ఒక వైర్ బ్యాటరీ ప్లస్‌కి పెట్టి ఇంకోటి ఒక్కో ప్లగ్గు మొనకి తాకించండి. వెలిగితే ప్లగ్గులో తీగ తెగలేదు, వెలగకపోతే పోయింది. అన్నీ వెలుగుతున్నాయంటే పట్టీకి కరెంట్ వస్తోందా, రిలే పనిచేస్తోందా చూడండి.

హీటర్ ప్లగ్గున్న ఇంజన్‌లో స్టార్టింగ్ స్ప్రే కొట్టొద్దు, పెట్రోల్ గుడ్డ పెట్టొద్దు. ఎర్రగా కాలిన ప్లగ్గుకి అది తగిలితే పిస్టన్ పగలొచ్చు, మంట వెనక్కి మీ మొహం మీదకి కొట్టొచ్చు.

నీళ్లలో మునిగిన బండి

2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ఒంగోలు మొత్తం తడిసింది, పల్లంలో ఉన్న గోడౌన్లలో బండ్లు నీళ్లలోనే నిలబడ్డాయి. నీళ్లు తగ్గగానే తాళం తిప్పిన వాళ్లు నష్టపోయారు. సిలిండర్లో నీళ్లుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. ముందు బ్యాటరీ మైనస్ తీయండి. డిప్ స్టిక్ లాగి చూడండి, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నా, లెవెల్ పెరిగున్నా నీళ్లు పోయినట్టే. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి తడి ఉందేమో చూడండి. ఏ ఒక్కటి ఉన్నా హీటర్ ప్లగ్గులో నాజిళ్లో విప్పి, పుల్లీని చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి, ఆయిలు, ఫిల్టర్లు, ట్యాంకులో డీజిల్ అన్నీ మార్చాకే సెల్ఫ్. ఇది మొదటిసారైతే మెకానిక్‌ని పక్కన పెట్టుకునే చేయండి.

స్టార్ట్ అయ్యాక చూడాల్సినవి

అంటుకుంది గదా అని లారీ దగ్గరికి పరిగెత్తొద్దు. ఆయిల్ లైటూ, ఛార్జింగ్ లైటూ ఆరాయా చూడండి. ఇంజన్ కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెట్టండి, 12 వోల్టుల బండిలో 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి, 24లో దానికి రెట్టింపు. 12.5 దగ్గరే ఉండిపోతే ఆల్టర్నేటరో బెల్టో పనిచేయట్లేదు, మీరు కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో మళ్లీ డౌన్. 15 దాటితే రెగ్యులేటర్ పోయింది, బ్యాటరీ నీళ్లు ఉడికించేస్తది.

పావుగంట నడిపి ఆపి వెంటనే మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ లోపలో, పంపులోనో జబ్బు మిగిలే ఉంది. తర్వాత రాత్రంతా వదిలి పొద్దున్నే చూడండి, అసలు పరీక్ష అదే. సాయంత్రం 12.6 ఉన్న బ్యాటరీ పొద్దుటికి 12.1 అయ్యిందంటే ఏదో కరెంట్ తాగుతోంది. మైనస్ క్లాంపు తీసి దానికీ పోస్టుకీ మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టండి, తాళం తీసున్నప్పుడు ల్యాంప్ వెలిగితే ఒక్కో ఫ్యూజు పీకుతా పోండి, ఏది పీకితే ఆరిందో ఆ లైన్లోనే లీకేజీ. వెనక రివర్స్ హారన్‌కి, తర్వాత పెట్టించుకున్న ఎల్ఈడీ లైట్లకి డైరెక్ట్‌గా బ్యాటరీ నుంచి లాగిన వైర్లు ఉంటయి, ఫ్యూజులన్నీ పీకినా ల్యాంప్ ఆరలేదంటే ఆ వైర్లని చూడండి.

ఇన్ని చూశాక కూడా స్టార్ట్ కాకపోతే మెకానిక్‌కి ఫోన్ చేసి ఈ నాలుగు చెప్పండి: తాళం తిప్పితే ఏ చప్పుడు, ఆగున్నప్పుడు బ్యాటరీ ఎన్ని వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎన్ని, పొగ ఏ రంగు. ఏ సామాను పట్టుకురావాలో బయల్దేరే ముందే తెలుస్తది, రెండోసారి ఒంగోలు తిరిగెళ్లే పని ఉండదు.